బోడీకా, ఎంపైర్ మైన్‌కా?

ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చిన వేసవిలో కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ప్రతి ఇంట్లో ఇదే చర్చ. గోల్డెన్ గేట్ అయింది, గుడి అయింది, ఇంకెక్కడికి? పాత బంగారు గని చూపిద్దామనుకుంటే రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి గ్రాస్ వ్యాలీలోని ఎంపైర్ మైన్, రెండోది సియెర్రా కొండలకు అవతల జనం వదిలేసిపోయిన ఊరు బోడీ. మేం రెండూ చూశాం.

ముందు దారి సంగతి. ఎంపైర్‌కి శాక్రమెంటో నుంచి సుమారు గంట. పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. బోడీకి అలా కాదు, ఒక రాత్రి బస పెట్టుకోవాల్సిందే. 395 హైవే మీంచి 13 మైళ్లు లోపలికి వెళ్లాలి, చివరి మూడు మైళ్లు మట్టిరోడ్డు. ఎంత మెల్లగా పోనిచ్చినా కారు గడగడలాడుతుంది. అక్కడ పెట్రోలూ దొరకదు, తిండీ దొరకదు. మేం పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. చలికాలంలో ఆ రోడ్డు మంచులో మూసుకుపోతుంది. పైగా 8,375 అడుగుల ఎత్తు. మా అత్తయ్య నాలుగడుగులు వేసేసరికి ఆయాసపడి ఒక మెట్టు మీద కూర్చుండిపోయారు. కాసేపు అందరికీ టెన్షన్.

అసలు గని చూడాలంటే ఎంపైరే. 1850 నుంచి 1956 దాకా తవ్వారు, 58 లక్షల ఔన్సుల బంగారం తీశారు. కింద 367 మైళ్ల సొరంగాలు. కొన్ని మెట్లు దిగి నిలబడితే ఏటవాలుగా పోయే పట్టాలు చీకట్లో కలిసిపోతూ కనిపిస్తాయి. ఆ సొరంగాల నమూనా ఒకటి చేసి, ఒకప్పుడు బయటివాళ్ల కంట పడకుండా గదిలో దాచారట. ఇప్పుడు అందరూ చూడొచ్చు. ఇక్కడ పనిచేసింది ఎక్కువగా ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు. కోలార్ గనుల్లోనూ వాళ్లు పనిచేశారు. మావయ్యది కోలార్‌కి దగ్గర్లోని కుప్పం వైపు. ఆ మాట వినగానే ఆయనకు కేజీఎఫ్ కబుర్లు మొదలయ్యాయి, ఇక గైడ్ మాట ఎవరు వింటారు!

బోడీలో గని చూడలేం. తవ్విన కొండవైపు ప్రమాదమని వెళ్లనివ్వరు, రాయి దంచి బంగారం తీసిన మిల్లులోకి గైడ్‌తోనే వెళ్లాలి. మరి అంత దూరం దేనికంటే, ఊరి కోసం. 1859లో ఇక్కడ బంగారం కనిపెట్టిన బోడీ అనే ఆయన ఆ చలికాలమే మంచు తుఫానులో చనిపోయాడు, తన పేరు పెట్టుకున్న ఊరిని చూడనేలేదు. 1880 నాటికి వేలమంది ఉండేవారు. ఇప్పుడు మిగిలినవి వందకు పైగా చెక్క కట్టడాలు. వాటిని కొత్తగా చెయ్యరు, కూలిపోనివ్వరు, అంతే. కిటికీ అద్దానికి ముఖం ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూడాలి. బడిలో బల్లల మీద పుస్తకాలు, కొట్టు అరల్లో డబ్బాలు, గోడ మీంచి చుట్టలు చుట్టుకుని వేలాడుతున్న రంగు కాగితం. ఇంటివాళ్లు సంతకెళ్లి ఇంకా రాలేదన్నట్టుంటుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఒక్కరోజే సెలవు దొరికినవాళ్లు ఎంపైర్‌కే వెళ్లండి. పెద్దవాళ్లు ఎత్తుకి తట్టుకోగలిగితే మాత్రం నా ఓటు బోడీకే. కొలతలూ లెక్కలూ ఇంటికొచ్చేసరికి మర్చిపోతాం, ఆ కిటికీలు మర్చిపోం.

పిల్లల జేబులు ఓ కంట కనిపెట్టండి. బోడీ నుంచి ఏ వస్తువు తెచ్చినా అరిష్టమని ఒక నమ్మకం. పట్టుకెళ్లినవాళ్లు భయపడి క్షమాపణ ఉత్తరాలతో తిరిగి పంపిస్తుంటారు. అది వినగానే మావాడు జేబులోంచి తుప్పు మేకు తీసి, పరుగున వెళ్లి దొరికిన చోటే పెట్టొచ్చాడు.