కడుపు మీది పేరు నమ్మొద్దు: 12 బొమ్మల ‘అరుదైన డైనోసార్ల’ డబ్బా

మహారాష్ట్రలోని బల్లార్షా, చాందా (చంద్రపూర్) బజార్లలోనూ, శివరాత్రికి కాళేశ్వరం జాతర దుకాణాల్లోనూ కనబడే డబ్బా ఇది. లోపలున్నవి కనబడే ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర మూత. మూత మీద ‘అరుదైన డైనోసార్లు, సముద్ర రాక్షసులు’ అని ఇంగ్లిషులో ఉంటుంది. కంపెనీ పేరు ఎక్కడా లేదు. దుకాణంలో 850 చెప్పి 700కు దిగుతారు, జాతరలో వెయ్యికి తగ్గరు. లోపల 12 బొమ్మలు, ఒక్కోటి 13 నుంచి 19 సెంటీమీటర్ల పొడవు.

టీరెక్స్ లేదు, ట్రైసెరటాప్స్ లేదు. ఈ ధరలో ఆ రెండూ లేని సెట్టు దొరకడమే విశేషం. నేల మీద తిరిగేవి ఏడు: రాజాసారస్, శృంగసారస్, మసియాకాసారస్, కంకావెనేటర్, మిరగాయా, అమర్గసారస్, ‘బ్రాకియోసారస్’. నీళ్లవి అయిదు: ఇక్తియోసార్, ఎలాస్మోసారస్, మోసాసారస్, ఆటోపోడెంటాటస్, టానిస్ట్రోఫియస్. నీళ్లవి అయిదూ, నేల మీది శృంగసారసూ అసలు డైనోసార్లు కావు. మూత మీద ఏం రాసినా సరే, అల్మారాలో వేరే అర పెట్టండి.

ముందే లెక్క చెప్తే: ఆరు బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే పెట్టుకోవచ్చు. నాలుగు బాగుచేసుకోవాలి. ఒకటి తప్పే అయినా ఉంచుకోదగ్గది. ఒకటి ఎవరికైనా ఇచ్చేయాల్సిందే. 700కు నష్టం లేదు, వెయ్యి మాత్రం పెట్టొద్దు.

కొనేటప్పుడు మూత తీయించండి. ‘సేటు, ఒక్కొక్కటి గాజు మీద నిలబెట్టి చూపియ్యి’ అంటే చూపిస్తారు, విసుక్కున్నా సరే. రెండు కాళ్ల బొమ్మలు మూడు, అంటే రాజాసారస్, మసియాకాసారస్, కంకావెనేటర్, ఒక నిమిషం పడకుండా నిలబడాలి. తడి జేబురుమాలుతో వీపు మీద రుద్దండి. రంగు బట్టకు అంటితే ఆ డబ్బా వద్దు. మూత తీయగానే కిరోసిన్ లాంటి ఘాటు వాసన కొడితే అదీ వద్దు. పిల్లల కోసమైతే ఇంకొకటి చూడాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఈ డబ్బాలు కొన్నిటి మీద గుర్తు ఉంది, కొన్నిటి మీద లేదు. ఉన్నదే అడిగి తీసుకోండి. మూడేళ్లలోపు పిల్లలకు ఇది అసలే వద్దు, మసియాకాసారస్ ముందు కాళ్లు పంటితో కొరికితే ఊడివస్తాయి.

ఇంటికొచ్చాక బకెట్ నీళ్లలో వేసి చూడండి. గట్టి పీవీసీ అయితే మునుగుతుంది, బోలుది తేలుతుంది. ఈ సెట్టులో తొమ్మిది మునుగుతాయి. మోసాసారస్, ఇక్తియోసార్, ‘బ్రాకియోసారస్’ తేలుతాయి. ఆ మూడింటికి కడుపు కింద సూది మొనంత బెజ్జం ఉంటుంది. పిల్లలు నీళ్లలో ఆడుకుంటే లోపలికి నీరు దిగి నల్ల బూజు పడుతుంది. ముందే ఒక చుక్క గట్టి జిగురుతో మూసేస్తే గొడవ ఉండదు.

ఇక ఒక్కొక్క బొమ్మ సంగతి.

అందరికంటే పెద్ద మోసం రాజాసారస్. కడుపు కింద అచ్చయిన పేరు చూసి మన దేశపు జంతువని సంతోషపడతాం. గుజరాత్‌లోని రాహియోలీలో దొరికి, 2003లో పేరు పెట్టించుకున్న జంతువు అది. దాని నెత్తి మీద ఉండేది ఒకే ఒక పొట్టి కొమ్ము, నుదురు మధ్యలో బుడిపెలాగా. బొమ్మకేమో కళ్ల మీద రెండు కొమ్ములు పక్కలకు పొడుచుకొచ్చి ఉన్నాయి. అది కార్నోటారస్ అనే ఇంకో డైనోసార్ అచ్చు. పేరు మనది, ఒళ్లు అర్జెంటీనాది. బాగుచేయడం పెద్ద పనేం కాదు. రెండు కొమ్ములను పదునైన బ్లేడుతో మొదలంటా కోయండి. ఎంసీల్ రెండు ముద్దలూ సమంగా, ఒక్కోటి శనగగింజంత తీసుకుని, రంగు ఒకటే అయ్యేదాకా పిసకండి. నుదురు మీద పెట్టి, తడి వేలితో పొట్టి బుడిపెలా సర్దండి. ఒక రాత్రి ఆరనివ్వాలి.

శృంగసారస్ ఈ డబ్బాలో మేలైన బొమ్మ. మధ్యప్రదేశ్‌లో దొరికి 2017లో పేరు పెట్టిన జంతువు, మూడు నాలుగు మీటర్ల పొడవుండేది. కళ్ల పైన ముందుకు తిరిగిన రెండు కొమ్ములు. బొమ్మలో కొమ్ముల వంపు, బొద్దు మెడ, పక్కలకు చాచిన కాళ్లు అన్నీ కుదిరాయి. ఇంత చిన్నదాన్ని ఇంత శ్రద్ధగా చేసి, పక్కన రాజాసారస్‌ను అలా ఎలా వదిలేశారో!

మసియాకాసారస్‌కు ముందుపళ్లు ముందుకే పొడుచుకొచ్చి ఉన్నాయి, మడగాస్కర్ జంతువుకు గుర్తే అది. కంకావెనేటర్‌కు నడుం ముందర మూపురం ఉంది. మిరగాయాకు దాని చుట్టం స్టెగోసారస్‌లా పొట్టి మెడ పెట్టలేదు, పొడుగ్గానే పెట్టారు. ఆ జంతువు మెడలో 17 వెన్నుపూసలు ఉండేవి. అమర్గసారస్ మెడ మీద ముళ్లు రెండు వరుసల్లో ఉన్నాయి, కాకపోతే అచ్చు అతుకు గీత సరిగ్గా ఆ వరుసల మధ్యే పడింది. గోళ్ల ఆకురాయితో మెల్లగా రాస్తే పోతుంది.

మోసాసారస్ తోక చివర రెక్క ఉంది, ఆ మేరకు మెచ్చుకోవాలి. జోర్డాన్‌లో మెత్తటి కండ అచ్చుతో సహా దొరికిన మోసాసార్ తోక గురించి 2013లో బయటికొచ్చాక మంచి బొమ్మలన్నీ తోకకు రెక్క పెట్టడం మొదలుపెట్టాయి. వీపు పొడవునా ఉన్న కుచ్చు మాత్రం వందేళ్ల కిందటి పొరపాటు. గొంతుగొట్టపు మెత్తటి ఎముకలను కుచ్చు అనుకున్న రోజులవి. బ్లేడుతో చెక్కేయొచ్చు, ఉంచుకున్నా బొమ్మ అందం చెడదు. నోట్లో అంగుడి మీద ఉండాల్సిన రెండో వరుస పళ్లు లేవు. 15 సెంటీమీటర్ల బొమ్మలో అది అడగడం అత్యాశే.

ఇక్తియోసార్ దగ్గర కాస్త ఆగాలి. కచ్‌లో దొరికిన దాదాపు పూర్తి అస్థిపంజరం సంగతి 2017లో వెల్లడై, అది అయిదున్నర మీటర్ల జంతువని తేలాక మనవాళ్లు దీని బొమ్మ కోసం బాగానే వెతుకుతున్నారు. ఈ బొమ్మకు కళ్లు పెద్దవి, ముక్కుబెజ్జాలు కళ్ల దగ్గరే ఉన్నాయి, నాలుగు తెడ్లూ ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి, తోక తప్ప. డాల్ఫిన్‌కు ఉన్నట్టు తోక అడ్డంగా పరుచుకుని ఉంది. ఇక్తియోసార్ తోక చేప తోకలా నిలువుగా ఉండాలి, వెన్నుపూసలు కింది రెక్కలోకి వంగి దిగాలి. బొమ్మ బోలుదే అయినా తోక కొస గట్టిది, కాబట్టి తిప్పొచ్చు.

నీళ్లు మరిగించి, పొయ్యి దింపి రెండు నిమిషాలు ఆగండి. మరిగేటప్పుడే ముంచితే రంగు పొక్కులు లేస్తుంది. తోకను రెండు సెంటీమీటర్ల మేర మాత్రమే ముంచి, 40 లెక్కపెట్టండి. గుడ్డతో పట్టుకుని పావు చుట్టు తిప్పండి. అలాగే పట్టుకుని ఐస్ వేసిన నీళ్లలో నిమిషం ఉంచండి. పట్టు వదిలితే కొంచెం వెనక్కి తిరుగుతుంది, కాబట్టి మొదట తిప్పేటప్పుడే ఒక వీసం ఎక్కువ తిప్పాలి. ఒళ్లంతా ముంచారో, లోపలి గాలి వ్యాకోచించి పొట్ట ఉబ్బుతుంది, చల్లారాక సొట్ట పడుతుంది. అది ఇక బాగుకాదు.

ఎలాస్మోసారస్ మెడను కొంగ మెడలా పైకెత్తి పెట్టారు. మెడలో 72 పూసలున్నా ఆ జంతువు మెడను అలా ఎత్తలేదు. పై లెక్కనే మెడను వేడినీళ్లలో ముంచి ముందుకు చాపండి. లావుగా ఉంది కనుక రెండు నిమిషాలు పడుతుంది. ఈ జంతువు మీద ఒక పాత పొరపాటు ఉంది. అమెరికాలో కోప్ అనే ఆయన దీని ఎముకలు మొదటిసారి కూర్చినప్పుడు తలను తోక చివర పెట్టాడు. బొమ్మ చేసినవాళ్లు ఆ పని చేయలేదు, సంతోషం.

ఆటోపోడెంటాటస్ తప్పే అయినా ఉంచుకోమన్నది. చైనాలోని యునాన్‌లో దొరికిన జంతువు ఇది. 2014లో దీని మొహం గురించి మొదట రాసినప్పుడు పైదవడ మధ్యలో జిప్పులా నిలువుగా చీలి ఉందన్నారు. 2016లో ఇంకా మంచి పుర్రెలు దొరికాక మూతి సుత్తిలా అడ్డంగా వెడల్పుగా ఉండేదని, నీళ్లడుగున నాచు గీరుకుని తినేదని తేలింది. డబ్బాలోది జిప్పు మొహం. రెండేళ్లు మాత్రమే చెల్లిన మొహానికి బొమ్మ దొరకడం సేకరించేవాళ్లకు అదృష్టమే.

టానిస్ట్రోఫియస్ మాత్రం ఇచ్చేయండి. అంత పొడుగు మెడలో ఉండేవి 13 పూసలే, ఒక్కోటి కర్రలా పొడుగైనది. అలాంటి మెడ పాములా చుట్టలు తిరగదు. బొమ్మ మెడకు రెండు మెలికలు ఉన్నాయి, పైగా ఎండాకాలం వస్తే వాలిపోతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మే నెలలో చాందాలో 45 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇంట్లో గోడ వారగా ఉన్న అల్మారా ఇంకా కాలుతుంది. వేడినీళ్లతో సరిచేసిన తోకలు, మెడలు ఆ వేడికి మళ్లీ పాత వంపుకే పోతాయి. ఏప్రిల్ రాకముందే అడుగు అరలోకి మార్చి, మెడ కింద అగ్గిపుల్ల ముక్కను ఊతంగా పెట్టాలి. థర్మాకోల్ పెట్టెలో మాత్రం దాచొద్దు. మెత్తటి పీవీసీలోంచి ఊరే నూనె థర్మాకోల్‌ను కరిగించి బొమ్మకు అంటిస్తుంది. పాత నూలు గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెడితే చాలు. స్ప్రే డబ్బా ఎనామిల్ రంగు కూడా అంతే, ఈ ప్లాస్టిక్ మీద నెలలైనా జిగురు వదలదు. ఆక్రిలిక్ రంగే వాడండి, పల్చగా రెండు పూతలు.

ఇంతకంటే మంచి బొమ్మలు లేవా అంటే, ఉన్నాయి. తెలియని జంతువులు కావాలంటే కలెక్టా, సఫారీ కంపెనీల బొమ్మలు చూడాలి. పీఎన్ఎస్ఓ కంపెనీ బొమ్మల చర్మం పని అన్నిటికంటే నాజూకు, రెండు కాళ్లవాటికి ఊతంగా గాజులాంటి పుల్ల కూడా ఇస్తారు. కానీ దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. ఒక్క బొమ్మకే ఈ డబ్బా ధర దాటిపోతుంది. గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదనే చోట్లూ ఉన్నాయి. మంచిర్యాలలో చుట్టాలుంటే వాళ్ల అడ్రసు ఇవ్వడం నయం.

ఒకటి గమనించండి, డబ్బాలో బొమ్మలన్నిటికీ ఒకే కొలత లేదు. 14 సెంటీమీటర్ల శృంగసారస్ అసలు జంతువుకు సుమారు 25వ వంతు, 19 సెంటీమీటర్ల ‘బ్రాకియోసారస్’ ఎంత వంతో చెప్పడానికే లేదు. ఎందుకంటే అది బ్రాకియోసారస్ కాదు. బ్రాకియోసారస్‌కు ముందు కాళ్లు వెనక కాళ్ల కంటే పొడుగు, వీపు జిరాఫీలా వాలుగా ఉండాలి. దీనికి నాలుగు కాళ్లూ దాదాపు సమం, వీపు చదును. నెత్తి మీద మాత్రం గుర్తు కోసం ఒక బుడిపె అతికించారు.

సిరోంచ వాళ్లకు ఇక్కడే లాభం. సిరోంచ తాలూకాలో, వడదం ఫాసిల్ (శిలాజాల) పార్కు ఉన్న ఆ చుట్టుపక్కలే, ‘కోటా’ అనే పాత రాతి పొరల్లో దాదాపు 300 ఎముకలు దొరికిన బరపాసారస్ టాగోరీ అనే డైనోసార్ ఒళ్లు ఇలాంటిదే. ‘బర పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు, ఠాగూర్ శతజయంతి ఏడాది తవ్వకాలు జరిగాయి కనుక ఆయన పేరు. 1975లో పేరు పెట్టారు, అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. మన ఊరి పక్కన దొరికిన జంతువు ఈ డబ్బాలో లేదు, కానీ చేసుకోవడానికి సరుకు ఉంది.

జంతువు దాదాపు 14 మీటర్లు. 19 సెంటీమీటర్ల బొమ్మ అంటే ఇంచుమించు 74వ వంతు. తొడ ఎముక 1.7 మీటర్లు, అంటే బొమ్మలో తుంటి నుంచి మోకాలికి 2.3 సెంటీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలవండి. ఈ అచ్చులో 2 మాత్రమే వస్తుంది, కాబట్టి మోకాలి దగ్గర ఎంసీల్ పల్చగా కట్టి కిందికి జరపాలి. నెత్తి మీది బుడిపెను కోసేసి, అక్కడ పడే బెజ్జాన్ని ఎంసీల్‌తో పూడ్చండి. పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం కొన్ని దొరికాయి, చెంచా ఆకారంలో. మూతి ఇలా ఎందుకుందని మిమ్మల్ని ఎవరూ నిలదీయలేరు. రంగుకూ ఆధారం లేదు, మీ ఇష్టం.

అంతా ఆరాక, కడుపు కింద ఎత్తుగా అచ్చయిన ‘బ్రాకియోసారస్’ అక్షరాలను 220 నంబరు ఉప్పుకాగితం తడిపి అరగదీయండి. బోలు బొమ్మ కదా, గట్టిగా రుద్దితే బెజ్జం పడుతుంది.