మినీ గుర్రానికి ఈజీ ఎంట్రీ బండి: వాడి చూశాక

టెక్సస్‌లో మా మినియేచర్ గుర్రం ఎత్తు 33 అంగుళాలు. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్కలో 34 దాటకూడదు, అదీ జూలు ముగిసే చోట కొలవాలి. దానికి కొన్నది ఇనప గొట్టాలతో చేసిన రెండు చక్రాల ఈజీ ఎంట్రీ బండి. పక్క నుంచి ఎక్కేయొచ్చు. గుర్రం బెదిరితే చప్పున దిగిపోవచ్చు, నాకు కావలసింది అదే.

బాగా నచ్చింది బ్యాలెన్స్. మనిషి కూర్చున్నాక గుర్రానికి రెండు పక్కలా ఉండే నొగలు దాని వీపు మీద బరువు మోపకూడదు, అలాగని పైకి లేచి పొట్ట పట్టీని లాగకూడదు. దీని సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి నేను కూర్చున్నా, నాకంటే బరువైన మావారు కూర్చున్నా సర్దుకోవచ్చు. లాగుడు పట్టీలు తగిలించే అడ్డకర్ర మధ్యలో ఒక్కచోటే బిగించి ఉండి, అటూ ఇటూ ఊగుతుంది. ఛాతీ పట్టీతో లాగే గుర్రానికి అది బిగుసుకుని ఉంటే అడుగడుక్కీ భుజాలు ఒరుసుకుపోతాయి.

గాలి టైర్లే తలనొప్పి. ఇక్కడేమో ఎటు చూసినా పల్లేరు కాయలే! పంక్చర్లు వేయలేక చివరికి గాలి అక్కర్లేని టైర్లు వేయించాం. గుంతల్లో కుదుపు కూడా ఎక్కువే, నడుం నొప్పి ఉన్నవాళ్ళు స్ప్రింగులున్న రకం చూసుకోండి.

మినీ కంటే పెద్దదైన పోనీ రకం గుర్రానికి చేసిన బండిని "సరిపోతుందండీ" అని అంటగట్టబోతే మాత్రం ఒప్పుకోవద్దు. నొగలు ఎత్తుగా, పొడుగ్గా ఉండి ఏ సర్దుబాటుకీ లొంగవు.