పత్తిలో లింగాకర్షక బుట్టలు - కొనొచ్చా వద్దా, నా రివ్యూ

గులాబీ రంగు పురుగు కోసం ఈసారి పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టాం. ముందే చెప్తున్నా, వీటితో పురుగు మొత్తం పోతుందనుకుని మాత్రం కొనకండి. బుట్టలో పెట్టే ల్యూర్‌లో (ఎర బిళ్లలో) ఉండేది ఆడ పురుగు వాసన, కాబట్టి పడేవి మగ రెక్కల పురుగులే, గుడ్లు పెట్టే ఆడవి చేన్లోనే తిరుగుతుంటాయి. కానీ మందు ఎప్పుడు కొట్టాలో తెలియాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు. బుట్టకి రాత్రికి 8 చొప్పున వరసగా 3 రోజులు పడ్డాయా, స్ప్రే చెయ్యండి, లేదంటే పంపు ముట్టుకోకండి.

బీటీ (పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే పత్తి) వేశాక కూడా ఈ పురుగు గోలేంటి అని అడిగేవాళ్లకి: 2002లో వచ్చిన బీటీలో ఆ విషం తయారుచేసే జీన్ ఒక్కటే, 2006లో రెండు జీన్ల బీజీ-2 వచ్చింది. మొదటి జీన్‌ని ఈ పురుగు తట్టుకుంటోందని 2010కల్లా గుజరాత్‌లో బయటపడింది, తర్వాత రెండోదీ అంతే అయ్యింది. బీటీ తిని తిని పురుగు మొండిదైపోయిందంటారు గానీ అది కాదు, ఆ విషం పురుగు పేగులో ఒక ప్రోటీన్‌ని పట్టుకుంటేనే పురుగు చస్తుంది, ఆ ప్రోటీన్ జీన్‌లో తేడా ఉన్నవి విషంతో పని లేకుండా వాటంతటవే ఎక్కడో ఒకటీ అరా పుడుతుంటాయి, ఊరంతా బీటీనే వేసి పైగా ఫిబ్రవరి, మార్చి దాకా చేను ఉంచితే చివరికి మిగిలేవీ అవే, జత కట్టేవీ అవే. అందుకే కదా బీటీ విత్తన ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ (విషం లేని మామూలు పత్తి) విత్తనం ఇచ్చింది! దాని మీద బతికిన మామూలు పురుగుతో ఆ తట్టుకునే పురుగు కలిస్తే వాటి పిల్లలు బీటీకి చచ్చేవి. మనోళ్లు చాలామంది దాన్ని గట్టు మీద పారేశారు. అమెరికాలో అరిజోనా వాళ్లు నాన్ బీటీ వేసి, తర్వాత పిల్లలు పుట్టని గొడ్డు పురుగుల్ని కూడా వదిలారు, 2018లో అమెరికా పత్తిలో గులాబీ పురుగు లేదని ప్రకటించేశారు.

ఇక సరుకు సంగతి. మూత, గరాటు గట్టివే, కింద పాలిథిన్ సంచి మాత్రం నాసిరకం, గాలికి పత్తి కొమ్మ రాసుకుంటే చిరిగిపోతోంది. మాకు ఇచ్చిన ల్యూర్లు కొన్ని షాపులో ఎండ తగిలే అరలో పెట్టినవి, వాటికి ఒక్క పురుగూ రాలేదు, మార్చాక పక్క బుట్టలతో సమానంగా పడ్డాయి. తయారీ తేదీ చూసి, సీల్ ఉన్నవే తీసుకోండి. 5కి 3.5 ఇస్తా.