రెఫరెన్స్ ట్రాకా, సొంత బాణీయా: ఏది మేలు?

కొత్తగా పాటలు కడుతున్న కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. "అన్నా, ప్రొడ్యూసర్ ఒక పాట పంపి అచ్చం ఇలాగే కావాలంటున్నాడు. చేసిచ్చేయనా, పట్టుబట్టి సొంతంగా కట్టనా?" పోయిన నెల నాకూ ఇదే ఎదురైంది. ఒక ప్రైవేట్ పాటకి, అంటే సినిమాది కాని పాటకి, వేరే భాష పాట ఒకటి రెఫరెన్స్‌గా ఇచ్చారు. ఊరికే వాదించడం ఎందుకని రెండు రకాలుగానూ కట్టి చూశాను.

ముందు అచ్చుగుద్దినట్టు దింపాను. ఆ పాట ఎత్తుగడలోనే మొదటి స్వరం మీద సాగుతుంది. అక్కడి మాటలో ఆ చోట దీర్ఘం ఉంది కాబట్టి వాళ్లకి సరిపోయింది. మా రచయిత రాసిన పల్లవి "మది నిండా" అని మొదలవుతుంది. పాట సాగిన చోట 'మ' కాస్తా 'మా' అయింది. ట్రాక్ పాడిన అమ్మాయి ఎంత జాగ్రత్తపడినా "మాది నిండా" అనే వినిపించింది. పక్క గదిలోంచి వింటున్న మా అమ్మ "ఏది మీదిరా?" అని అడిగింది. "గుండె నిండా" అని మార్చి చూశాం, "గూండె" అయింది. దీర్ఘంతో మొదలయ్యే మాట కోసం వెతుక్కుంటూ పోయేసరికి రచయిత చెప్పాలనుకున్న సంగతే పల్లవిలోంచి జారిపోయింది.

నా మటుకు తేల్చేది ఇదే. పాత పాట ఛాయ పడిందా లేదా అన్నది కాదు, మాట నిలబడిందా లేదా అన్నది. తెలుగులో హ్రస్వం సాగితే అర్థమే మారిపోతుంది. కలం వేరు, కాలం వేరు. పడి వేరు, పాడి వేరు. బాణీని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో ఇంకో భాష ముందే నిర్ణయించేసి ఉంటుంది.

బయటి ప్రభావం మనకి కొత్తేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితులు, త్యాగరాజు ఒకే కాలం వాళ్లు. ఇంగ్లీషు బ్యాండు చప్పుడు ఇద్దరి పాటల్లోనూ వినిపిస్తుంది. దీక్షితులు మద్రాసు పక్కన మనలిలో ఉన్నప్పుడు విన్న బాణీలను అలాగే తీసుకుని వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటినే నోట్టుస్వరాలంటాం. "సంతతం పాహిమాం" అన్నది ఇంగ్లీషువాళ్ల రాజగీతం బాణీయే. పిల్లలకు నేర్పడానికి చాలా బాగుంటాయి, అందులో సందేహం లేదు. త్యాగరాజు మాత్రం నడక ఒక్కటే తీసుకున్నారు. శంకరాభరణంలో "వర లీల గాన లోల సురపాల సుగుణజాల భరిత" ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. "వర" అని ఎత్తుకున్నాక లీల, గాన, లోల అన్నీ రెండూ ఒకటీ కలిపి మూడు మాత్రలు. సుగుణ, భరిత కూడా మూడే. బ్యాండు తిశ్రం, అంటే మూడేసి మాత్రల నడక, ఆ మాటల్లోనే ఉంది. పాడేవాడు దాదాపు ఎక్కడా అక్షరాన్ని లాగక్కర్లేదు, నొక్కక్కర్లేదు. ఈ కీర్తన నేర్చుకున్న రోజు నుంచీ నా మొగ్గు ఇటే.

అలాగని దింపిన పాట ప్రతిదీ చెడిపోతుందని కాదు. 1955లో వచ్చిన మన అనార్కలిలో "జీవితమే సఫలము" బాణీ అంతకు రెండేళ్ల ముందటి హిందీ అనార్కలి పాటదే. అయినా తెలుగు పాటలాగే ఉంటుంది. 'జీ' దగ్గర దీర్ఘం సహజంగా పడింది, మాటలు కూర్చిన చెయ్యి అలాంటిది. దానికి సంగీతం ఆదినారాయణరావు గారు. రెండేళ్లకే, 1957లో, ఆయనే సువర్ణసుందరికి "హాయి హాయిగా ఆమని సాగే" కట్టారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాలతో సాగే మాలిక అది. హిందీలో తీసినప్పుడు ఆ బాణీతోనే లతా మంగేష్కర్, రఫీ పాడారు. ఒకే మనిషి, ఒకసారి తెచ్చుకున్నాడు, ఇంకోసారి ఇచ్చాడు. నాకు రెండు పాటలూ ఇష్టమే. కానీ హార్మోనియం ముందు కూర్చుంటే చేతులు వెళ్లేది మాత్రం రెండోదాని మీదకే.

రీమిక్స్ గురించి కూడా అడుగుతారు. హక్కులు కొనుక్కుని, అసలు పాట కట్టినవాళ్ల పేరు వేసి చేసుకుంటే అభ్యంతరం లేదు, పెళ్లి సంగీత్‌కి పనికొస్తుంది. ఎవరి ఛాయా లేకుండా పూర్తిగా కొత్తగా కడతానంటే, రాగం తాళం కూడా వద్దనుకోవాలి. ఆ దారి నేను చూడలేదు.

పాతదనం అంటే పాత బాణీయే అనుకునేవాళ్లకి అన్నమయ్యను గుర్తుచేస్తాను. రాగిరేకుల మీద పాటకి రాగం పేరుంది గానీ ఎలా పాడాలో స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి ఇటీవలివాళ్ల దాకా ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. "నానాటి బతుకు నాటకము"కి రేవతిలో బాణీ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. వింటుంటే అయిదు వందల ఏళ్ల నాటిదే అనిపిస్తుంది. ఆయన మాటను చదువుకుని దాని వెంట నడిచారు కాబట్టే అలా అనిపిస్తుందని నా నమ్మకం.

నా పాట సంగతికొస్తే, రెఫరెన్స్ ఆపేసి పల్లవిని పదిసార్లు పైకి చదివాను. ఆ పాట తాళం, వెనకాల తంబూరా శ్రుతిలా నిలకడగా మోగే కీబోర్డు ధ్వని (ప్యాడ్) ఉంచుకున్నాను. ఎత్తుగడ మార్చాను. ఇప్పుడు 'మది' రెండు పొట్టి స్వరాల మీద టక్కున పడి, సాగడమంతా 'నిండా'లో చివరి 'డా' మీద జరుగుతుంది. ప్రొడ్యూసర్ విని "మనం పంపిందానిలా లేదే" అన్నాడు. రెండూ పక్కపక్కన వినిపించాను. "మాది" దగ్గర ఆయనే ఆపమని, రెండోదే రికార్డింగ్‌కి పెట్టుకోమన్నాడు.