మాత్రా, మంచు గ్లౌజా?

పాక్లిటాక్సెల్ కీమో ఎక్కించుకునేవాళ్లలో చాలామందికి వేళ్లు తిమ్మిరెక్కి, గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. దాన్ని ముందే ఆపాలని పరీక్షించినవాటిలో రెండు చూద్దాం.

ఒకటి ఎసిటైల్-ఎల్-కార్నిటిన్, నరాలకు మంచిదని పేరున్న సప్లిమెంట్. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు ఈ కోవ మందులే వాడుతున్న 409 మంది మహిళల్లో కొందరికి రోజుకు 3 గ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2013లో ఫలితాలొచ్చాయి. 24 వారాలకు చూస్తే అసలు మాత్ర వేసుకున్నవాళ్లకే నరాల బాధ ఎక్కువ!

రెండోది మందే కాదు: గడ్డకట్టించిన గ్లౌజు, సాక్సు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే వేళ్లకు కీమో తక్కువ చేరుతుందని ఆలోచన. జపాన్‌లోని క్యోటో పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగం నాకు భలే నచ్చింది. ఒక్కో మనిషికి ఒక పక్క చేతికి, కాలికే తొడిగి, రెండో పక్క వదిలేశారు. పోలికకు వేరే మనిషితో పనే లేదు! తొడిగిన చేతుల్లో సుమారు 28 శాతంలో, వదిలేసిన చేతుల్లో 81 శాతంలో స్పర్శ మందగించింది. కాకపోతే పాల్గొన్నది 40 మందే, పైగా గంటన్నర ఆ చలి ఓర్చుకోవాలి.

నేనైతే గ్లౌజు గురించే డాక్టర్‌ని అడుగుతాను. ఇంట్లో కార్నిటిన్ డబ్బా ఉంటే మాత్రం కీమోకు ముందే ఆయనకు చూపించండి.