రోజువారీ వాడకంలో పొందూరు ఖద్దరు

"పర్యావరణహితం" అన్న చీటీ ఇప్పుడు బట్టల దుకాణాల్లో ప్రతి రెండో చొక్కాకూ తగిలించి ఉంటోంది. వెదురు నారతో చేశామని ఒకటి, పాత ప్లాస్టిక్ సీసాలను కరిగించి నేశామని ఇంకొకటి చెబుతాయి గానీ, ఆ పత్తి ఎక్కడ పండిందో, నూలు ఎవరు వడికారో అడిగితే కౌంటరు దగ్గర జవాబు దొరకడం అరుదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో తయారయ్యే సన్న ఖద్దరుకు మాత్రం గింజ దగ్గర నుంచి మడత దాకా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1920ల మొదట్లో గాంధీజీ ఈ గుడ్డ నాణ్యత గురించి విని, వివరాలు తెలుసుకు రమ్మని తన కుమారుడు దేవదాస్ గాంధీని ఆ ఊరికి పంపించారన్న సంగతి చాలామందికి తెలిసిందే. నాకు ఆ ఘనత కన్నా, ఆఫీసుకు తొడుక్కునే చొక్కాగా, ఇంట్లో కట్టుకునే పంచెగా ఈ గుడ్డ ఎంతవరకు నిలుస్తుందన్నదే ముఖ్యం గనుక, విశాఖపట్నం ఉక్కపోతలో కొన్ని వేసవులుగా వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా తయారీ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ గుడ్డ గుణదోషాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. పొందూరు సన్న నూలుకు వాడేది ప్రధానంగా ఆ చుట్టుపక్కల పండే కొండపత్తి, పునాసపత్తి అనే దేశవాళీ రకాలు. వీటి పీచు పొట్టిది కాబట్టి, పొడుగు పీచు కోరే మిల్లు యంత్రాలకు ఇవి అంతగా పనికిరావు. చేతికి మాత్రం బాగా లొంగుతాయి. పత్తిని ఏరిన తరువాత, వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని, గింజ చుట్టూ ఉన్న పీచును నెమ్మదిగా దువ్వుతారు. ఆ ఎముక మీది సన్నని పళ్లు చెత్తను తీసేయడమే కాక పీచును ఒకే వైపుకు సర్దుతాయి. ఆపైన చెక్కపలక మీద ఇనుప కడ్డీతో గింజను విడదీసి, దూదిని ఏకి, ఏకులు చేసి, అవి నలగకుండా ఎండిన అరటి పట్టలో చుట్టి పట్టుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఈ పనులన్నీ ఎక్కువగా ఆడవారి చేతుల మీదుగానే జరుగుతాయి. మగ్గం మీద పడుగు, పేక రెండూ ఈ చేనూలే.

ఇలా వడికిన నూలు 100 కౌంటు దాకా, కొన్నిసార్లు అంతకు మించి వస్తుంది. లెక్క వేసి చూస్తే దాని సన్నదనం అర్థమవుతుంది. ఒక పౌను (దాదాపు 454 గ్రాముల) నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని ఉంటే అది అన్ని కౌంట్ల నూలు. ఆ లెక్కన 100 కౌంటులో ఒక్క గ్రాము పత్తి దాదాపు 170 మీటర్ల దారమవుతుంది. ఈ పొడవంతా కరెంటు లేకుండా, చేతి వేళ్ల మధ్య నుంచి వచ్చిందే. దుస్తుల తయారీలో ఇంధనం ఖర్చు గురించి మాట్లాడేవారు ఒకసారి ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి.

ఇక తొడుక్కోవడం సంగతి. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఇంత పలచటి గుడ్డకు ఇంత ధర ఏమిటనిపించడం సహజం. కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే, అక్కడక్కడ ఒక దారం కాస్త లావుగా మొదలై రెండు మూడు అంగుళాల్లోనే సన్నబడిపోవడం కనిపిస్తుంది. ఈ హెచ్చుతగ్గుల వల్ల గుడ్డ ఒంటికి పూర్తిగా అతుక్కోదు. చెమటను పీల్చుకుని, ఫ్యాను గాలికి ఇట్టే ఆరిపోతుంది. పాలిస్టరు కలిసిన చొక్కా సాయంత్రానికి ఇచ్చే వాసన దీనికి రాదు. మరి లోపాలు లేవా అంటే, ఉన్నాయి. తెల్ల చొక్కాలో లోపలి బనియను గీతలతో సహా కనిపిస్తుంది. జేబులో ఫోను పెడితే ఆ బరువుకు ఒక వైపు భుజం కిందికి లాగేస్తుంది, కొన్నాళ్లకు జేబు మూల దగ్గర నేత విచ్చుకుంటుంది. కుట్టించేటప్పుడే జేబు వెనుక మరో పొర వేయించుకోవడం, లేదా జేబు వద్దనుకోవడం మంచిది. దర్జీకి ఇచ్చే ముందు గుడ్డను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి, లేకపోతే కుట్టిన తరువాత చేతులు పొట్టి అవుతాయి. పక్క కుట్లను లోపలికి మడిచి రెండు వరుసలు వేయమని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ గుడ్డ చిరిగినప్పుడు నడిమధ్యన కాదు, కుట్టు పక్కనే చిరుగుతుంది.

ఉతుకు విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది, అది గుడ్డ మీద కాదు, మన అలవాటు మీద. ఖద్దరు అనగానే గంజి పెట్టి, కత్తి అంచులా ఇస్త్రీ చేయించాలన్న పట్టింపు రాజకీయ నాయకుల నుంచి మనకు అంటుకుంది. కరెంటు లేకుండా తయారైన చొక్కాను వారానికి రెండుసార్లు వేడి ఇస్త్రీపెట్టె కిందికి నెడితే, తయారీలో మిగిలినదాంట్లో కొంత వాడకంలో పోగొట్టుకున్నట్టే. పైగా గంజి గట్టిగా పెట్టిన మడతల దగ్గరే గుడ్డ ముందుగా పగులుతుంది. చేత్తో ఉతికి, పిండకుండా దులిపి, నీడన ఆరవేస్తే మిగిలే చిన్న ముడతలు చూసేవారికి అంత ఇబ్బంది కలిగించవు. వాషింగ్ మిషన్‌లో జీన్సుతో కలిపి వేయడం మాత్రం కూడదు. ఈ గుడ్డ నుంచి ఊడే పీచు పత్తి కాబట్టి మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టరు బట్టలు మాత్రం పుట్టుకే పెట్రోలియం కావడం వల్ల, ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని ప్లాస్టిక్ పోగులను కాలువలోకి వదులుతాయి.

కొనేటప్పుడే అసలు జాగ్రత్త అవసరం. నగరంలోని ఒక దుకాణంలో పొందూరు అని చెప్పి నాకు అమ్మిన పంచె, ఇంటికి తెచ్చి వెలుతురులో చూస్తే గీత గీసినట్టు సమానంగా ఉన్న మిల్లు నూలుతో నేసినది. చేనేత కావచ్చునేమో గానీ ఖద్దరు కాదు, ఎందుకంటే ఖద్దరుకు నేత ఒక్కటే చాలదు, నూలు కూడా చేత్తో వడికినదై ఉండాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఖాదీ భండారుల్లోనే పాలీవస్త్ర అనే రకం అమ్ముతారు. అందులో పాలిస్టరు పాలే ఎక్కువ. అది ముడతలు పడదు, మన్నుతుంది, ధర కూడా తక్కువ. మోసం ఏమీ లేదు, పేరులోనే ఉంది. కానీ పర్యావరణం కోసమని ఖాదీ కొనడానికి వెళ్లినవారు ఆ సంచీతో తిరిగి రావడం మాత్రం విచిత్రం. అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించి చూడవచ్చు. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. 2013 నిబంధనలతో వచ్చిన ఖాదీ మార్కు ముద్ర ఉందో లేదో చూడడం మరో పద్ధతి. వీలున్నవారు హౌరా–చెన్నై రైలు మార్గంలోనే ఉన్న పొందూరులో దిగి, 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దగ్గర కొనుక్కుంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది, రాట్నాన్ని దగ్గరగా చూసినట్టూ ఉంటుంది.

ధర మామూలు మిల్లు గుడ్డకు కొన్ని రెట్లు ఉంటుంది, కౌంటు పెరిగే కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, ఇక్కడ కష్టపడిన చేతికి ఆ కొలత దక్కడం లేదు. రోజంతా కదురు ముందు కూర్చున్నా వడికేవారికి వచ్చేది స్వల్పమే, అందుకే కొత్త తరం ఈ పనిలోకి రావడం లేదు. కాబట్టి తగ్గింపు అమ్మకాల్లో బేరమాడి కొనడానికి ఇది సరైన వస్తువు కాదని నా అభిప్రాయం. ఏడాదికి అరడజను చొక్కాలు కొనే అలవాటున్నవారు ఆ డబ్బుతో ఇవి రెండు కొనుక్కుని, వాటినే మార్చి మార్చి తొడుక్కుంటే జేబుకు పెద్ద తేడా తెలియదు.

మొదటిసారి కొనేవారు తెల్ల చొక్కాతో మొదలుపెట్టవద్దు. పంచెతో గానీ ఉత్తరీయంతో గానీ మొదలుపెడితే కుట్టు సమస్యే ఉండదు, గుడ్డ స్వభావం కూడా తెలుస్తుంది. ఆ తరువాత కాస్త తక్కువ కౌంటులో, రంగు వేయని ముతక తెలుపులో చొక్కా గుడ్డ తీసుకోవచ్చు, అది బనియనునూ దాస్తుంది, ఎక్కువ కాలమూ మన్నుతుంది. రోజూ స్కూటరు మీద వీపున బరువైన సంచీ తగిలించుకుని తిరిగేవారికి, బడి పిల్లలకు ఈ సన్న రకం సిఫారసు చేయలేను. సంచీ పట్టీ ఒరిసే చోట భుజం దగ్గర నూలు త్వరగా పలచబడుతుంది, అలాంటి వాడకానికి ముతక ఖద్దరే మేలు.