కుద్రేముఖ్ వానలో మూడు రకాల సాక్సులు

ముందే చెప్పేస్తున్నా, కుద్రేముఖ్ కొండెక్కడానికి వెళ్ళి కళసలో మేం దిగిన హోంస్టే మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే రాయడానికి కూర్చున్నా. మధ్యమధ్యలో సాక్సుల గురించి ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకండి. ఆ ప్రయాణం మొత్తమ్మీద పెట్టిన డబ్బుకి న్యాయం చేసినవి అవే.

మాది కళ్యాణదుర్గం వైపు, ఉంటున్నది బెంగళూరు మారతహళ్ళిలో. నల్లమబ్బు కనిపిస్తే వీధిలోకొచ్చి చూసే ఊరు మాది. అలాంటి వాళ్ళం డబ్బులు కట్టి మరీ ఆగస్టులో కర్ణాటక కొండసీమ మలెనాడు వానలో తడవడానికి బయల్దేరాం: నేను, మా ఆయన, మా తమ్ముడు.

సాక్సుల కథ అంతకుముందే మొదలైంది. కిందటేడు స్కందగిరి ఎక్కినప్పుడు నూలు సాక్సులు వేసుకెళ్ళి రెండు మడమలూ బొబ్బలెక్కించుకున్నా. సోమవారం ఆఫీసుకి హవాయి చెప్పులతో వెళ్తే సెక్యూరిటీ అబ్బాయి నా ఐడీ కార్డు రెండుసార్లు చూశాడు. అప్పట్నుంచీ మెరినో అనే జాతి గొర్రెల ఊలు సాక్సుల మీద కన్నేశా. డాలస్ నుంచి వస్తున్న కొలీగ్ చేత ఒక జత తెప్పించుకున్నా. 25 డాలర్లు, మన లెక్కలో రెండు వేల పైమాటే. మా ఆయన ఆ సంఖ్య విని, "రెండు కాళ్ళకీ కలిపేనా, ఒక్కో కాలికా?" అన్నాడు. నేను జవాబివ్వలేదు.

తమ్ముడికి మాత్రం రోషం వచ్చింది. వాడూ మెరినోనే కొన్నాడు. ఆన్‌లైన్‌లో, మూడు జతలు ₹699కి. "చూశావా అక్కా, నువ్వు ఒక జత కొన్న డబ్బుకి నాకు తొమ్మిది జతలొస్తాయి" అని వారం రోజులు వాయించాడు. ప్యాకెట్ మీద గొర్రె బొమ్మ, పెద్దక్షరాల్లో మెరినో అని పేరు. వెనక ఎక్కడా ఎంత శాతం అని లేదు. నా జత లేబుల్ మీద దాదాపు 60 శాతం మెరినో, మిగతాది నైలాన్, పిసరంత సాగే లైక్రా అని ఉంది. మొదట్లో నాకూ ఇదేం కల్తీ అనిపించింది. తర్వాత తెలిసింది, ఒట్టి ఊలుతో అల్లితే మడమ దగ్గర, బొటనవేలి దగ్గర ఇట్టే చిరుగుతుందట. గట్టిదనం కోసం నైలాన్ కలుపుతారు. కాబట్టి 100 శాతం మెరినో సాక్సు అని ఎవరైనా గొప్పగా అమ్మితే నేనైతే కొండకి వేసుకుపోను.

మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. ఆఫీసుకి వేసుకెళ్ళే నల్ల కాటన్ సాక్సులు.

శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో స్లీపర్ బస్సు, తలకి ₹900. పడుకున్నాం, తెల్లారి కళసలో లేచాం. అంతే.

ఇక హోంస్టే. వాట్సాప్‌లో మాట్లాడినప్పుడు తలకి ₹2,400 అన్నాడు ఓనరు. ముగ్గురికీ విడిగా గది, మూడు పూటలా భోజనం, జీపు, గైడు, వేడినీళ్ళు, అన్నీ అందులోనే. ముగ్గురికి ₹7,200 ముందే పంపించేశా. అదే నేను చేసిన మొదటి తప్పు. దిగి చూస్తే గదిలేదు, రేకుల కప్పు కింద పొడుగాటి హాలు. నేలమీద వరసగా పరుపులు. ఐటీ కుర్రాళ్ళ గుంపొకటి, కాలేజీ పిల్లలు, మేము, మొత్తం 17 మందిమి. "గది ఏదండీ?" అంటే, "సీజన్ మేడమ్, అడ్జస్ట్ చేసుకోండి" అని కన్నడంలో ఎంతో వినయంగా చెప్పి ఫోన్ మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. రగ్గులు తడిగా ఉన్నాయి. తడి అంటే వానకి చెమ్మెక్కడం కాదు, ఎవరో కప్పుకుని, ఆరబెట్టకుండా మడతపెట్టిన తడి. మా ఆయన ఒకటి తీసి వాసన చూసి, మళ్ళీ అంతే జాగ్రత్తగా మడిచి పెట్టేశాడు.

జీపు కూడా సగందాకానే 'అందులో' ఉందట. బాలెగల్ దాటాక, కొండెక్కడం మొదలుపెట్టే ముళ్ళోడి ఊరికి వెళ్ళే మట్టిరోడ్డుకి వేరే జీపు, దానికి తలకి ₹600. గైడుకి మా వంతు ₹500. సాయంత్రం వేడినీళ్ళ బకెట్టు ఒక్కోటి ₹50. ఈ చివరిది నాకు ఒళ్ళు మండించింది. వెనక పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద హండాలో నీళ్ళు రోజంతా కాగుతూనే ఉన్నాయి మరి! లెక్కేస్తే మొత్తం ₹2,450 అదనం. వెళ్ళేముందు వాట్సాప్ మెసేజ్ చూపించి గంటసేపు పోట్లాడితే ₹500 వెనక్కిచ్చాడు, ఏదో దానం చేసినట్టు మొహం పెట్టి. మీరు వెళ్తే మొత్తం ముందే కట్టకండి. గది ఫొటో అడగండి, ఆ గది వీడియో కాల్‌లో చూపించమనండి. ముళ్ళోడి దాకా జీపు ఉందో లేదో ఆ ఊరి పేరు చెప్పి మరీ అడగండి. ట్రెక్ పర్మిట్ మాత్రం కర్ణాటక అటవీశాఖ వాళ్ళ అరణ్య విహార సైట్‌లో మీ పేరు మీద మీరే బుక్ చేసుకోండి, కొండెక్కడానికి రోజుకి 300 మందినే వదులుతారు.

కొండ గురించి ఎంత చెప్పినా తక్కువే, అందుకని కొంచెమే చెబుతా. 1,894 మీటర్లు. గుర్రం మొహంలా ఉంటుందని ఆ పేరు. మాకు గుర్రమూ కనపడలేదు, మొహమూ కనపడలేదు, పొగమంచు. పచ్చిక గుట్టలు, లోయల్లో షోలా అనే గుబురు అడవి, మళ్ళీ పచ్చిక. ఇంత అందాన్ని 2005 దాకా ఒక పక్కన ఇనుప ఖనిజం కోసం తవ్వుతూనే ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. సుప్రీంకోర్టు చెబితేగానీ ఆ గని మూతపడలేదు.

మొదటి వాగు దగ్గరే నా గొప్ప కొంత దిగింది. మోకాలి కింద దాకా నీళ్ళు. మెరినో అయినా, బంగారం అయినా, బూటు లోపల చెరువయ్యాక తడవకుండా ఉండదు. ఇది ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నా. తేడా తడిశాక తెలుస్తుంది. నూలు నీళ్ళు పీల్చుకుని చర్మానికి అతుక్కుపోతుంది. చర్మం నానుతుంది, ఆ మీద ప్రతి అడుగుకీ రాపిడి. ఊలు పోగు తన బరువులో మూడోవంతు దాకా తేమని పోగులోపల దాచుకున్నా, తాకితే తడిగా అనిపించదు. వాగు నీళ్ళంటే అంతకు మించిపోతాయనుకోండి, కానీ అప్పుడు కూడా పోగుల మధ్య గాలి నిలుస్తుంది, కాలు చల్లబడదు. అరగంట నడిచేసరికి సాక్సు తడిగానే ఉంది, కాలు మాత్రం వెచ్చగా ఉంది. వింతగా ఉంది ఆ సుఖం.

మా ఆయన ఒంటిమర దగ్గరికి వచ్చేసరికి మాట్లాడ్డం మానేశాడు. ఆ దారిలో ఒంటరిగా నిలబడ్డ చెట్టది, అందరూ ఫొటోలు దిగేచోటు. ఈయన ఫొటో కూడా వద్దన్నాడు. బూటు విప్పి చూస్తే కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ, ఎడమదానికి తయారవుతోంది. బ్యాండేజీ వేశా. నా దగ్గర ఇంకో జత ఉంది, పల్చటి పాలియెస్టర్ రన్నింగ్ సాక్సులు, ఇమ్మంటావా అన్నా. "అక్కర్లేదు" అన్నాడు. పైదాకా ఎక్కాడు, దిగాడు. ఆ పట్టుదల ఏదో సాక్సులు కొనేటప్పుడు చూపించి ఉండాల్సింది.

జలగల సంగతి. అక్కడివాళ్ళు ఇంబళ అంటారు. మెరినో సాక్సు జలగని ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అల్లిక సందుల్లోంచి దర్జాగా నోరు పెడుతుంది. నాకు మూడు పట్టాయి. నొప్పి తెలియదు. ఊడిపోయాక మాత్రం రక్తం ఆగకుండా కారుతూనే ఉంటుంది, అది గడ్డకట్టకుండా చేసే పదార్థమేదో జలగ వదులుతుంది కదా. జలగని ఆపడానికి వేరే ఉపాయం ఉంది, మోకాలిదాకా వచ్చే దట్టమైన నేతగుడ్డ లీచ్ సాక్సులు. గైడు దగ్గర ₹250కి దొరుకుతాయి. ఊలు సాక్సు మీద అవి తొడుక్కోవాలి. మేం పిసినారితనం చేసి ఉప్పు పొట్లంతో సరిపెట్టుకున్నాం. ఆ వానకి ఉప్పు కరిగి పావుగంటలో మాయం.

సాయంత్రం హాల్లో బూట్లు విప్పాక జరిగింది అసలు పరీక్ష. తమ్ముడు సాక్సులు విప్పాడు. పక్క పరుపు మీది ఐటీ కుర్రాడు లేచి కిటికీ తెరిచాడు, బయట జోరువాన అయినా సరే. ఇంకొకడు "బ్రో, ప్లీజ్" అన్నాడు. నేను నావి ముక్కుదాకా తెచ్చుకుని చూశా. తడిసిన ఊలు వాసన, అంటే తడిసిన గొర్రె వాసన, అది తప్ప ఇంకేం లేదు.

"రెండూ మెరినోనే కదా, నాది మాత్రం ఎందుకు కంపు?" అన్నాడు వాడు, నిజంగానే బాధపడుతూ.

హోంస్టే వంటింట్లో ఒక అజ్జి, అంటే అవ్వ, ఉంది. ఆ ఇంటి మొత్తానికి మనిషంటే ఆమే. తడి సాక్సులు పట్టుకుని వణుకుతూ నిలబడితే లోపలికి రమ్మని హండా పొయ్యి పక్కన పీట వేసింది, బెల్లం వేసిన బ్లాక్ కాఫీ ఇచ్చింది. బకెట్టుకి యాభై అడిగిన ఇంట్లోనే! ఓనరు ఎక్కడున్నాడో చూసుకుని ముగ్గురికీ నీళ్ళు కూడా తోడిచ్చింది, కానీ యాభై లెక్కలో రాసేశారనుకోండి. తమ్ముడి గోడు విని, వాడి సాక్సు మడమ దగ్గర ఒక పోగు లాగి పొయ్యి నిప్పు మీద పట్టింది. చుర్రుమని ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసయింది. ప్లాస్టిక్ వాసన. నా దాంట్లోంచీ ఒక పోగు అడిగింది. రెండు వేల సాక్సు, ప్రాణం ఒప్పలేదు, అయినా ఇచ్చా. అది సన్నగా రగిలి, నిప్పులోంచి తీయగానే ఆరిపోయింది. తల వెంట్రుకలు కాలిన వాసన. వేళ్ళతో నలిపితే బూడిద. చివర ఒక చిన్న గట్టి పూస మాత్రం మిగిలింది, అది నైలాన్ వాటా. తమ్ముడిది మొత్తం పూసే. "గొర్రె ప్యాకెట్ మీద మాత్రమే ఉందన్నమాట" అన్నాడు మా ఆయన. ఒంటిమర దగ్గర్నుంచీ అదే ఆయన పూర్తిగా పలికిన మొదటి వాక్యం.

ఈ పరీక్ష మా జేజినాయన కూడా చేసేవాడు. సంతలో కంబళి కొనేటప్పుడు అంచు పోగు తెంపి బీడీ నిప్పుకి ఆనించేవాడు. మా సీమ నల్లగొర్రెల ఊలు కంబళి వానలో గొర్రెల వెంట తిరిగేవాళ్ళకి గొడుగూ అదే, పరుపూ అదే. కాకపోతే ఒంటికి తగిలితే గీరుకుపోతుంది. మెరినో పోగు చాలా సన్నం, 20 మైక్రాన్ల అటూఇటూ, అందుకే చర్మానికి గుచ్చుకోకుండా వంగిపోతుంది. అదే ఊలు, పోగు లావులోనే అంతా ఉంది.

ఆరబెట్టడంలో మాత్రం మెరినోకి మార్కులు తక్కువే. తువ్వాల్లో చుట్టి పిండి, పొయ్యికి కొంచెం దూరంగా తీగ మీద వేసినా తెల్లారేసరికి సగమే ఆరింది. పాలియెస్టర్‌వి పూర్తిగా ఆరాయి. మా ఆయన కాటన్‌వి పిండితే ఇంకా నీళ్ళొస్తున్నాయి.

ఆదివారం హొరనాడు. అన్నపూర్ణేశ్వరి గుడిలో భోజనం పెడతారు, ఉచితంగా. నేలమీద వరసలో కూర్చోబెట్టి, అన్నం, సారు, సాంబారు, పాయసం. వేడివేడిగా, అడిగినంత. ఆ ముందురోజు రాత్రి తలకి రెండువేల నాలుగువందల్లో భాగంగా పెట్టిన చల్లారిన చిత్రాన్నం గుర్తొచ్చి, మా ఆయన మూడోసారి పాయసం పోయించుకున్నాడు. కళసలో వెళ్ళవలసిన హోటల్ ఏదని అడిగితే నేను ఏమీ చెప్పను, హొరనాడు పంక్తిలో కూర్చోండి.

సగం ఆరిన అవే సాక్సులు రెండోరోజూ వేసుకున్నా. తొడిగేటప్పుడు చల్లగా తగిలింది, గుడి దగ్గరికి వెళ్ళేసరికి మర్చిపోయా. రాత్రి బస్సులో బూట్లు విప్పినా ఎవరూ కిటికీ తెరవలేదు. బొబ్బ ఒక్కటి కూడా లేదు. మా ఆయన మాత్రం పై బెర్త్ మీంచి ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. తొంగిచూస్తే మెరినో, సైజు 9.

రాగానే తమ్ముడు ఆ ₹699 కోసం ఫిర్యాదు పెట్టాడు. కాలిన పూస ఫొటో, పక్కనే నాది కాలిన బూడిద ఫొటో, కింద పెద్ద వివరణ. రెండ్రోజుల్లో అమ్మినవాళ్ళ నుంచి జవాబొచ్చింది: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఈ ఉత్పత్తిని మంటకి దూరంగా ఉంచాలి, కాలిన వస్తువులకి రీఫండ్ వర్తించదు.